హాజరు: గోడ అవతల

జూన్ ఇరవై రెండవ తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. హాజరైనవారు: అక్కయ్య ఒక్కతె. పరికరం: తమ్ముడి ల్యాప్‌టాప్, ఆఫీసువాళ్లు ఇచ్చినది, మూత మీద కుడి మూల వాళ్ల సంఖ్య ఉన్న చీటీ సగం ఊడి ఉంది. ఫిర్యాదు: తెరుచుకుంటుంది, నిమిషంపాటు బుద్ధిగా ఉంటుంది, ఆ తరవాత ఎక్కడిదక్కడే బిగుసుకుపోతుంది. ఇదంతా ఆమె కాగితం మీద రాయలేదు, మనసులోనే వరసగా పేర్చుకుంది, ఎందుకంటే ఏ మరమ్మతుకైనా ముందు తేదీ, తరవాత హాజరు, తరవాత ఫిర్యాదు అన్న క్రమం తమ్ముడిది. పాతికేళ్లపాటు గోదాముల్లో, కర్మాగారాల్లో, మందుల దుకాణాల్లో తూకపు యంత్రాలు సరిచూసి ముద్ర వేసే ఉద్యోగం చేసినవాడికి, రాళ్లు పళ్లెంలో పెట్టేటప్పుడు పక్కన ఎవరు నిలబడి చూశారో రాసి వాళ్ల చేత సంతకం పెట్టించుకోనిదే పత్రం పూర్తయినట్టు కాదు, ఆ అలవాటే ఇంట్లోకీ వచ్చి, కుళాయి రబ్బరు మార్చినా, గోడగడియారం తెరిచినా ఒక పత్రం, పైన హాజరు, కింద సంతకం. కుళాయి పత్రం మీద హాజరు అని ఆమె పేరు రాస్తే, నేను వంటింట్లో ఉన్నానా లేనా అని కూడా నాకు గుర్తు లేదురా అంది ఒకప్పుడు. నీళ్లు నీ కాళ్ల మీదే పడ్డాయి, సంతకం పెట్టు అన్నాడు.

నాలుగింటికి ఆఫీసు నుంచి స్టోర్సు ఆయన వస్తాడు. సెలవురోజే అయినా ఇటువైపు ఏదో పని ఉందట, దారిలో ఆగి ల్యాప్‌టాప్ పట్టుకుపోతానని ఫోన్‌లో చెప్పాడు, లోపలున్నదంతా తుడిచేసి పాత సామాను గదిలో పడేస్తారట, నియమం అంతేనట అమ్మా అని రెండుసార్లు అన్నాడు, క్షమించమన్నట్టు. ఆమె సరేనంది. ఈ ఆరు వారాల్లో దేనికీ ఆమె సరే తప్ప వేరే మాట అన్నట్టు లేదు. పళ్ల డాక్టరు సూది వేశాక చెంప తనది కానట్టుగా, నొక్కి చూస్తే వేలికి తెలుస్తుంది గానీ చెంపకు తెలియనట్టుగా, రోజులు అలా మీదనుంచి పోతున్నాయి. పొద్దున్నే లేస్తోంది, పుస్తకానికి సూచిక కడుతోంది, మట్టి గురించి ఎవరో పెద్దమనిషి రాసిన ఆరువందల పేజీల పుస్తకం, ఏ మాట ఏ పేజీలో ఉందో కార్డుల మీద ఎక్కించడం ఆమె వృత్తి, ఒక్క పేజీ అంకె తప్పలేదు, అది చూసి ఆమెకే ఎక్కడో చిన్న అనుమానం, తప్పాలి కదా అని. ఆమెకు ఈ గంటలో కావలసింది ఒకటే: మే పదకొండు, ఆ శనివారం పొద్దున, ఈ ల్యాప్‌టాప్ మూత పడింది ఎన్ని గంటలకు. యంత్రాలు తమకు జరిగినదంతా లోపల ఎక్కడో రాసుకుంటాయని తమ్ముడు చెప్పేవాడు, ఎవరూ అడగకపోయినా రాసుకుంటాయి, అందుకే మనుషులకన్నా నయం అనేవాడు. తుడిచేస్తే అదీ పోతుంది.

బొత్తాం నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకాయి, ఆ తరవాత తమ్ముడి పేరు, కింద పెట్టెలో సంకేతపదం, పిల్లప్పటి ఇంటి తలుపు మీది అంకె, ఈ ఇంట్లో ప్రతి తాళానికీ అదే, కొట్టింది, తెర విప్పుకుంది. విప్పుకుంది అనే అనాలి, నాటకంలో తెర లేచినట్టు అంచుల దగ్గర మెల్లగా కరుగుతూ, వెనక పొగమంచు పట్టిన కొండ, ముందు గాజుపలకలాంటి పట్టీ, దానిలో బొమ్మలు వేలు దగ్గరకు రాగానే ఉబ్బుతాయి, ఒక మూల గడియారం, ఇంకో మూల వాతావరణం, ఎక్కడి వాతావరణమో, ఇరవై తొమ్మిది డిగ్రీలు అని. ఇది బరువైన డెస్క్‌టాప్ అని తమ్ముడి మాట. యంత్రాన్ని నడిపించే లినక్స్ అనేది లోపలి ఇల్లు, డెస్క్‌టాప్ ముందు వసారా, ఒకే ఇంటికి నాలుగు రకాల వసారాలు కట్టుకోవచ్చు, చలువరాతిదీ కట్టుకోవచ్చు, తాటాకుదీ కట్టుకోవచ్చు, ఈ ముసలి యంత్రానికి చలువరాయి మోసే ఓపిక లేదక్కా అని నవ్వేవాడు, మరి తాటాకుది వేసుకోరాదూ అంటే, చూడ్డానికి బాగుంటుంది కదా, ఆఫీసులో రోజంతా ఇనప గుండ్లే చూస్తాను అన్నాడు. జీవితంలో అతను అందం కోసం చేసిన పని బహుశా అదొక్కటే. మూల గడియారంలో సెకన్ల ముల్లు నలభై దాటింది, నలభై రెండు, నలభై మూడు, అక్కడ నిలిచింది. బాణంగుర్తు పట్టీ మీద ఒక బొమ్మ దగ్గర ఆగింది, ఆ బొమ్మ సగం ఉబ్బి అలాగే ఉండిపోయింది. తెర మీద ఏమీ కదలకపోయినా లోపల మాత్రం ఏదో పరుగెడుతున్నట్టు, ల్యాప్‌టాప్ అడుగున ఉన్న చిన్న ఫ్యాను మొదలైంది.

ముందు సన్నగా, ఆ తరవాత గొంతు పెంచి, ఆ తరవాత బల్ల మీదున్న పెన్సిల్ కూడా వణికేటంత. ఆమె వింటూ కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఈ చప్పుడు వచ్చినప్పుడల్లా చేతులు వాటంతటవే ఒళ్లోకి వెళ్తాయి, అది ఇంటి కట్టుబాటు. పదకొండేళ్ల కిందట, అమ్మ పోయాక ఇద్దరూ ఈ రెండు గదుల ఇంట్లోకి చేరిన కొత్తలో, పెళ్లి అనే మాట ఇద్దరి దగ్గరకూ చెరో రెండుసార్లు వచ్చి కూర్చోకుండానే వెళ్లిపోయాక, ఒక సాయంత్రం ఆమె తలుపు తట్టకుండా అతని గదిలోకి వెళ్లి ఏదో అడిగింది, అతను నాలుగువందల లెక్కలేవో వరసగా ఎక్కిస్తూ మూడువందల తొంభైలో ఉన్నాడు, ఏమీ అనలేదు, రెండు రోజులు అసలేమీ అనలేదు, మూడోరోజు కాగితం మీద కట్టుబాట్లు రాసి తెచ్చాడు. ఒకటి, ఫ్యాను మోగుతుంటే తమ్ముడు పనిలో ఉన్నట్టు, తలుపు తట్టరాదు. రెండు, మూత పడిన చప్పుడైతే పని అయినట్టు, రావచ్చు. మూడు, అక్క బల్ల మీది దీపం వెలుగుతుంటే అక్క పనిలో ఉన్నట్టు, పిలవరాదు. హాజరు, ఇద్దరు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. చుట్టాలు వచ్చినప్పుడు ఎవరైనా నవ్వితే, సరిహద్దు ఒప్పందం లేనిదే ఏ రెండు దేశాలకూ పొసగదు అనేవాడు. పదకొండేళ్లు పొసిగింది. ఫ్యాను మోగితే ఆమె చేతులు ఒళ్లోకి, దీపం వెలిగితే అతని నోరు లోపలికి, మధ్య గోడకు రెండు వైపులా రెండు బల్లలు, గోడ పలచన, అతను దగ్గితే ఆమె కార్డు మీద చేయి కదిలేది.

ఆ శనివారం ఫ్యాను పదిన్నర దాటాక మొదలైంది. మొదలవుతూనే పైకి వెళ్లింది, దిగలేదు. పెద్ద పనే పెట్టుకున్నట్టున్నాడు అనుకుంది. మట్టి పుస్తకంలో ఆమె న అక్షరంలో ఉంది, నేల, ఎర్ర, నేల, ఉప్పుదేలిన, నేల, కోతకు గురైన, చూడుము: కోత. బయట మబ్బుగా ఉండి దీపం వేసుకుంది. పదకొండున్నర అయింది, గోడగడియారం చూసి ఇంకో గంటలో అన్నం పెట్టాలి అనుకుంది, అప్పుడు, కచ్చితంగా అప్పుడా, దానికి కాస్త ముందో వెనకో, గోడ అవతల టప్పుమని ఒక చిన్న చప్పుడు. మూత. ఆమె పెన్సిల్ ఆగింది. ఆగి, విని, ఫ్యాను మోగుతూనే ఉంది. కట్టుబాట్లు రాసిననాడు ఇద్దరిలో ఎవరికీ తట్టని సంగతి అది, మూతా పడి ఫ్యానూ మోగితే ఏది చెల్లుతుంది అని. ఎదురుబొదురుగా రెండు నమోదులు ఉన్నప్పుడు ఇప్పటికీ కొనసాగుతున్నదాన్ని తీసుకోవాలి, ఒక్కసారి జరిగి పోయినదాన్ని కాదు, సూచికలు కట్టేవాళ్ల పద్ధతి అది, ఆమె పెన్సిల్ మళ్లీ కదిలింది. నేల, గుల్లబారిన. పన్నెండున్నరకు ఫ్యాను ఇంకా మోగుతుంటే మొదటిసారి కట్టుబాటు దాటి తలుపు తట్టింది. అతను మూసిన ల్యాప్‌టాప్ పక్కన బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద తల పెట్టుకుని, బడిలో ఆఖరి బెంచీలో నిద్రపోయే కుర్రాడిలా ఉన్నాడు. బల్ల చెక్క ఫ్యాను వేడికి వెచ్చగా ఉంది, అతని చేయి అంత వెచ్చగా లేదు.

డాక్టరు గంట అయి ఉంటుందన్నాడు, అంతకు తక్కువా కావచ్చు ఎక్కువా కావచ్చు అన్నాడు, గుండె, పక్కన మనిషి ఉంటే ఏమయ్యేదని అడిగితే, బతికి ఉండవచ్చు, మనిషి ఉన్నా దక్కకపోవచ్చు అన్నాడు, డాక్టర్లకు కూడా ఒక సూచిక ఉండాలి అనుకుంది ఆమె, ఏ మాటకు ఏ పేజీయో. ఆ తరవాత చాలామంది వచ్చారు, పినతల్లి కూతురు రెండు వారాలు ఉండి అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టింది, ఏడవవే అక్కా, ఒకసారి ఏడిస్తే తేలికపడతావు అని వీపు రాసింది, ఆమె సరేనంది, ఏడవలేదు. చప్పుడు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అది నిజమో కాదో తెలియదు. మూత పడి ఉంది కాబట్టి ఎప్పుడో పడే ఉంటుంది, కానీ తాను విన్నది దాన్నేనా, లేక పోయినవాళ్ల ఇళ్లలో ఆనక అందరూ ఏదో ఒకటి విన్నామనుకుంటారే, కుక్క అరిచిందనీ కల వచ్చిందనీ, అలా తలుపు తెరిచిన తరవాత కట్టుకున్నదా. ఎప్పుడో పన్నెండున్నరకు కాస్త ముందు, ఒరిగిపోతూ అతని చేయి తగిలి పడిందేమో. అలాగైతే ఆమె విన్నది ఏ కిటికీ రెక్కో. పేజీ అంకె లేని నమోదును ఆమె ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా సూచికలోకి ఎక్కించలేదు.

బొత్తాం నొక్కి పట్టుకుంది, పది లెక్కపెట్టేసరికి ఫ్యాను చచ్చింది. ఇలా చంపడం ఆరు వారాల్లో ఇది ఎనిమిదోసారి. ఎప్పుడూ ఇంతే, ఆన్ చేయడం, కొండ కనబడటం, బిగుసుకోవడం, చంపడం. ఏదో కదిలిస్తే తెరుచుకుంటుందన్నట్టు అదే పనిని మళ్లీ మళ్లీ. అతను ఉంటే వెంటనే చేయి పట్టుకునేవాడు, ఒకే పని రెండోసారి చేసి వేరే ఫలితం అడగకక్కా, ఏదో ఒక్కటి మార్చు, ఒక్కటే మార్చు, ఏం మార్చావో రాయి అని. ఈ రోజు ఆమె మార్చినది ఒకటే, బల్ల సొరుగు లాగింది. ల్యాప్‌టాప్ పత్రాలు అక్కడే ఉన్నాయని తెలుసు, తీయలేదు, అంతే. నాలుగుగా మడిచి, రబ్బరుబ్యాండు వేసి, పై మడత మీద అంకెలు, ఒకటి నుంచి పద్నాలుగు దాకా. చేతిరాత చూస్తే ఏమైనా అవుతుందేమో అని కాసేపు ఆగింది. ఏమీ కాలేదు. గుండ్రంగా, ఒక్కో అక్షరాన్నీ పళ్లెంలో పెట్టి సరిచూసినట్టు ఉండే రాత, దీర్ఘాలు మాత్రం చిన్నప్పుడు ఎలా రాసేవాడో అలాగే, తోక కాస్త ఎక్కువ లాగి. తక్కెడ అంటే పిచ్చి అప్పటినుంచే, కొబ్బరిచిప్పలు రెండు, కర్ర ఒకటి, పురికొస, అమ్మ పోపులపెట్టెలోంచి ఆవాలు, ఒక చిప్పలో నూటపది ఆవాలూ ఇంకో చిప్పలో అక్క పలకబలపం ముక్కా, సరితూగింది చూడవే అని పిలిచేవాడు, చూడు, చూసి చెప్పు, నేనొక్కణ్ణే చూస్తే చెల్లదు. ఆమె ఏదో చదువుకుంటూ ఆఁ సరిపోయిందిలే అనేది. చూడకుండా చెప్పావు అని ఆవాలన్నీ ఒలకబోసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఒకటో పత్రం నుంచి చదివింది, ఎక్కడా గెంతకుండా. మెమొరీ ఎంత ఉందో, ఎంత చాలదో. రెండులో కిటికీల కింద నీడలు పడకుండా చేశాడు, బిగుసుకుంది. నీడలు మళ్లీ పెట్టాడు. మూడులో కరిగే అంచులు తీసేశాడు, బిగుసుకుంది, మళ్లీ పెట్టాడు. తీసినదాన్ని తిరిగి పెట్టనిదే ఇంకొకదాని జోలికి పోలేదు ఎక్కడా. ఆరులో, బిగుసుకున్నాక యంత్రం ఏం రాసుకుందో చదవడానికి కొట్టాల్సిన మాట, ఇంగ్లీషులో, ఒక్కో అక్షరం విడివిడిగా, కింద గీత. అది చూసి ఆమె వేలు అక్కడ కాసేపు పెట్టి ఉంచింది. తొమ్మిదో పత్రంలో: ‘పేరు అడిగే తెర దగ్గరే కింద కుడి మూల చిన్న పళ్లచక్రం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ డెస్క్‌టాప్ కావాలో ఎంచుకోవచ్చు. తేలికది ఎంచుకుంటే గంటలకొద్దీ ఆగలేదు. కాబట్టి జబ్బు ఇంటిది కాదు, వసారాది. హాజరు: నేను. అక్కను పిలిచాను, దీపం వెలుగుతోంది.’ ఆ చివరి మాటను రెండుసార్లు చదివింది. ఫిర్యాదులా లేదు. వాతావరణం రాసినట్టు రాశాడు.

ఆన్ చేసింది. పేరు వచ్చింది. కింద కుడి మూల, ఇన్నిసార్లు చూసిన తెరే, పళ్లచక్రం అక్కడే ఉంది, గోరంత. నొక్కితే మూడు పేర్లు జారాయి, అన్నిటికన్నా కిందిది పట్టుకుంది. సంకేతపదం. ఈసారి ఏదీ విప్పుకోలేదు, కరగలేదు, బూడిదరంగు గోడలాంటి తెర ఒకటి టక్కున వచ్చి నిలబడింది, కింద సన్నటి పట్టీ, అందులో గంట నిమిషం మాత్రమే, మూడూ ఇరవై ఆరు. కొండ లేదు, గాజు లేదు. ఒక నిమిషం చూసింది, రెండు నిమిషాలు చూసింది, మూడూ ఇరవై ఎనిమిది అయింది, అంకె మారింది అంటే బతికే ఉంది. ఫ్యాను మోగలేదు. గదిలో ఇంత నిశ్శబ్దంగా ఈ యంత్రం ఎదుట ఆమె ఎప్పుడూ కూర్చోలేదు. వీధిలో ఎవరో ఇనపతలుపు లాగుతున్నారు, పైవాళ్ల ఇంట్లో గిన్నె దొర్లింది.

వెంటనే ఆ మాట కొట్టవచ్చు. కొట్టకుండా మిగిలిన పత్రాలు తీసింది, వరస తప్పకూడదు కాబట్టి అని తనకు తాను చెప్పుకుంది. పది, పదకొండు, పన్నెండు, ఏవో విఫలమైనవి. పదమూడు, మే పది, శుక్రవారం: ‘వెనకాల ఎవరికీ కనబడకుండా ఒక ప్రోగ్రాం పనిచేస్తోంది. ఉన్న ప్రతి కాగితాన్నీ చదివి సూచిక కడుతుంది. అడిగితే తప్ప మాట్లాడదు, అన్నం వేళకు లేవదు, ఉన్న జాగా అంతా తనే ఆక్రమిస్తుంది. మన అక్కయ్య ఇందులోనూ ఉంది. ఆపాను. బరువైన డెస్క్‌టాప్ ఆరు గంటలు ఆగకుండా నడిచింది. అక్కకు చెప్పరాదు.’ ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. నవ్వు కావచ్చు. ఆ పెదవి ఎవరిదో అన్నట్టు వేలితో తాకి చూసుకుంది. పద్నాలుగు. మే పదకొండు, శనివారం, ఉదయం పది ముప్ఫై. ‘నిన్న ఆపినదాన్ని ఈ రోజు మళ్లీ నడిపిస్తాను. బిగుసుకుంటే కారణం అదే అని రుజువు. ఒకటి మార్చితే బాగుపడటం చాలదు, తిరిగి వెనక్కి మార్చితే మళ్లీ చెడాలి, అప్పుడే అది కారణం. లేకపోతే యాదృచ్ఛికం. హాజరు: నేను. అక్క, గోడ అవతల.’ దాని కింద ఫలితం అని రాసి ఖాళీ. కారణం అని రాసి ఖాళీ. సంతకాలు రెండు గీతలు, ఒకదాని కింద అతని పేరు, ఇంకోదాని కింద ఆమె పేరు. రెండూ ఖాళీ.

అంటే ఆ పొద్దున అతను దాన్ని కావాలనే బిగుసుకోనిచ్చాడు. ఫ్యాను అలా మోగుతుందని తెలిసే మోగనిచ్చాడు. ఆమె విన్నది అతని పని చప్పుడు కాదు, అతను ఎదురుచూస్తున్న చప్పుడు. ఈ సంగతి ఆమె లోపలికి వెళ్లింది, ఎక్కడో అడుగున పడింది, పడిన చప్పుడు వినబడలేదు.

తెర మీద ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ తెరిచి ఆరో పత్రం చూస్తూ ఒక్కో అక్షరమే కొట్టింది. ముందు జాబితా వచ్చింది, యంత్రం ఎప్పుడెప్పుడు మేలుకుందో, కింద ఆమె చంపినవి ఎనిమిది, తేదీలతో సహా, మంచి రాయసగాడు రాసినట్టు, వాటికి పైన మే పదకొండు. ఆ వరస అంకె వేసి మళ్లీ కొట్టింది. ఇంగ్లీషు వాక్యాలు వందలు, ఆమె వాటిని పుస్తకం పేజీల్లా చూపుడువేలితో దిగింది. పది ముప్ఫై మూడు, పేరు చెప్పి లోపలికి వచ్చాడు. పది ముప్ఫై ఎనిమిది, సూచిక కట్టే ప్రోగ్రాం మొదలు. పది నలభై ఒకటి, మెమొరీ చాలడం లేదు, చాలడం లేదు, చాలడం లేదు, ఒకే వాక్యం పేజీ నిండా. ఆ తరవాత చాలాసేపు ఏమీ లేదు. అతను కూర్చుని చూస్తున్నాడన్నమాట, బిగుసుకున్నాక ముప్పావుగంట ఆగాలి, దానంతటది తేరుకుంటే అదీ ఒక ఫలితమే అనేవాడు. పదకొండూ ఇరవై ఆరు, బొత్తాం ఒక్కసారి నొక్కారు. పట్టుకోలేదు, నొక్కి వదిలారు. పదకొండు గంటల ముప్ఫై ఒక్క నిమిషాల పద్దెనిమిది సెకన్లు, మూత మూశారు. దాని కింద, నిద్రపుచ్చబోతున్నాను. దాని కింద, ఇరవై సెకన్లు చూశాను, పనులు ఆగడం లేదు, నిద్రపుచ్చలేకపోయాను. అందుకన్నమాట ఫ్యాను మోగుతూ ఉండిపోయింది. మూత పడింది, యంత్రం నిద్రపోలేకపోయింది.

పదకొండూ ముప్ఫై ఒకటి. పేజీ అంకె దొరికింది. ఆమె విన్నది నిజం. ముప్ఫై ఒకటికి అతను బతికి ఉన్నాడు, పని ముగించాడు, కట్టుబాటు ప్రకారం రావచ్చు అని చెప్పాడు, ఆమె విన్నది, పెన్సిల్ ఆపింది, మళ్లీ కదిపింది. అయిదు నిమిషాల ముందు బొత్తాం గట్టిగా పట్టుకోకుండా ఎందుకు వదిలేశాడు, పట్టుకునే ఓపిక లేకనా, లేక ఊరికేనా. తల వాల్చేముందు తలుపు సందులోంచి ఆమె గదివైపు చూశాడా. దీపం వెలుగుతోంది. ఇవి యంత్రం రాసుకోలేదు. ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి, ఫ్యాను మోగకపోయినా. ఏడుపు వస్తుందేమోనని కూర్చుంది, మర్యాదగా, చుట్టం కోసం కూర్చున్నట్టు. రాలేదు.

తలుపు గంట మోగింది. స్టోర్సు ఆయన పది నిమిషాలు ముందే వచ్చాడు, పొట్టిగా, చొక్కాజేబులో నాలుగు పెన్నులతో, కూర్చోమంటే కుర్చీ అంచు మీదే కూర్చుని, మంచినీళ్లు రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తెచ్చిన పత్రం తీశాడు. ముందే నింపి ఉంది, పరికరం స్థితి: పనిచేయదు. ఆమె అది పనిచేస్తోందని చెప్పి, బూడిదరంగు తెర చూపించి, పళ్లచక్రం చూపించి, బరువు తగ్గిస్తే నడుస్తుందని వివరించింది, పనిచేయదు అన్న మాట కొట్టేసి సరిగ్గా రాస్తే గాని సంతకం పెట్టనంది. ఆయన పెన్ను తీస్తూ తనలో తాను నవ్వుకున్నాడు. అచ్చం ఆయన మాటేనమ్మా అన్నాడు. చూడకుండా సంతకం పెట్టబోతే మీ తమ్ముడు కాగితం లాగేసుకునేవాడని, ఒకసారి తను ఆకలికి ఓర్వలేక పెట్టేస్తానంటే ఇరవై గుండ్లూ దింపి మళ్లీ ఎక్కించి చూపించాడని, ఆ రోజు తన అన్నం డబ్బా కూడా పళ్లెం మీద పెట్టి తూచాడని, సంస్థలో అందరూ ఆయన్ని సాక్షిగారు అని పిలిచేవారని చెప్పుకుపోయాడు. ఆమె కొట్టివేత పక్కన సంతకం చేసి కాగితం ఇచ్చింది. ఆయన ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాడు. టప్పుమంది. అదే చప్పుడు, తేడా లేదు.

ఆయన గుమ్మం దాకా వెళ్లాక ఆమె అడిగింది.

“ఒక్క మాటండీ. పక్కన లేని మనిషిని హాజరు అని రాసేవాడా ఎప్పుడైనా?”

ఆయన సంచి భుజం మార్చుకుని ఆలోచించాడు. “లేదమ్మా. ప్రాణం పోయినా రాయడు.” చెప్పుల కోసం వంగినవాడు మళ్లీ లేచాడు. “ఆగండాగండి, ఒకసారి రాశాడు. లారీలు తూచే పెద్ద కాటా ఉంటుంది చూడండి, దాని దగ్గర. అంకె పడే డబ్బా లోపల గదిలో, ఆయన అక్కడ. నేను బయట లారీ దగ్గర. మధ్య గోడ. గుండు పెట్టగానే నేను కేకేయాలి, ఆయన రాసుకోవాలి. సాయంత్రం చూస్తే నా పేరు హాజరులో ఉంది. నేను లోపల లేను కదా సార్ అన్నాను.”

“ఏమన్నాడు?”

“వినబడేంత దూరంలో ఉన్నావుగా, ఉన్నట్టే లెక్క, సంతకం పెట్టు అన్నాడు.” ఆయన చెప్పులు వేసుకున్నాడు. “విన్నవాడు కూడా సాక్షేనట. వస్తానమ్మా.”

తలుపు వేసి వచ్చింది. బల్ల మీద ల్యాప్‌టాప్ ఉన్న మేర దుమ్ము లేని నలుచదరం. దాని పక్కన పద్నాలుగో పత్రం. తన గదిలోంచి పెన్సిల్ కాదు, పెన్ను తెచ్చుకుంది. ఫలితం అన్నచోట, పది నలభై ఒకటికి బిగుసుకుంది, మూత పదకొండూ ముప్ఫై ఒకటికి పడింది, ఫ్యాను ఆగలేదు అని రాసింది. అతని గుండ్రటి రాత కింద ఆమె వాలు రాత ఇరుకుగా ఉంది. కారణం దగ్గర ఆగింది. యంత్రానిదైతే రుజువైంది, ఆపితే నడిచింది, తిరిగి నడిపితే బిగుసుకుంది, అది రాసింది, సూచిక కట్టే ప్రోగ్రాం అని. ఆ గీతలో ఇంకా జాగా మిగిలింది. రెండోదాని మాట ఏమిటి. ఆ పూట ఒక్కటి మార్చి చూస్తే, పెన్సిల్ కదలకుండా ఉంటే, కుర్చీ వెనక్కి జరిగి ఉంటే; కానీ మార్చడానికీ లేదు, వెనక్కి మార్చి చూడటానికి అంతకన్నా లేదు, రెండు వైపులా సరిచూడనిదాన్ని అతను కారణం అని రాయనివ్వడు, యాదృచ్ఛికం అనీ రాయనివ్వడు. మిగిలిన జాగాలో ఆమె ఒక సన్నటి అడ్డగీత గీసింది, వాళ్ల పత్రాల్లో సరిచూడలేదు అని దానికి అర్థం. ఆ పైన హాజరు దగ్గర, అక్క, గోడ అవతల, అని అతను రాసినదాని పక్కన, పెన్ను ఎక్కడా ఒత్తి పట్టకుండా, విన్నాను అని ఒక్క మాట చేర్చింది.

అతని సంతకపు గీతను ఖాళీగానే వదిలి తన గీత మీద సంతకం పెట్టింది. సిరా ఆరేదాకా చూసింది. ముందు నిలువుగా, తరవాత అడ్డంగా, అతను మడిచిన మడతల మీదే మడిచింది, పద్నాలుగు అంకె పైకి వచ్చేలా. రబ్బరుబ్యాండు వేసిన కట్టలో కాక తన గదికి తీసుకెళ్లి, సూచిక కార్డుల పెట్టె తెరిచి, ఏ అక్షరం కిందా చేర్చకుండా, అన్నిటికీ వెనక ఖాళీ కార్డుల తరవాత నిలబెట్టి పెట్టె మూసింది. బల్ల మీద దీపం మధ్యాహ్నం నుంచీ వెలుగుతూనే ఉంది. చేయి చాచి ఆర్పేసింది.